అస్ఫుటగానము: పోగ్సు బృందమును గూర్చి యొక విమర్శనము

సాహిత్యపరిశోధనమునకై వెలయుచున్న యీ పత్రికలో, మద్యశాలలయందు బుట్టిన పాశ్చాత్యగానమును గూర్చి వ్రాయుట యుచితమా యని పాఠకులలో గొందఱికి శంక కలుగవచ్చును. గ్రంథస్థమైనదే వాఙ్మయమను నియమము మన పూర్వులకు లేదు. కంఠమునుండి కంఠమునకు సంక్రమించు వాక్కు నెట్లుచ్చరింపవలెనో, అది యెట్లర్థము నిచ్చునో విచారించుటయే శిక్షావ్యాకరణముల పని. అట్టి విచారమునకు నాకు లభించిన యుదాహరణములలో మిక్కిలి కఠినమైనది 2006వ సంవత్సరము డిసెంబరు మాసమున లండను నగరమున నేను వినిన యొక గానసభ. అందు బ్రధానగాయకుడు పాడిన మాటలలో బదింట నొకటియు నాకు దెలియలేదు. అయినను సభలోని వేలకొలది జనులు ప్రతిపదమును గ్రహించిరి. ఇది యెట్లు సంభవించెనను ప్రశ్నయే యీ వ్యాసమునకు మూలము.

ఆ యేడు నేనొక వ్యాకరణగ్రంథపు వ్రాతప్రతిని సరిచూచుకొనుటకై బ్రిటిషు లైబ్రరీకి బోయియుంటిని. మా పినతండ్రి కుమారు డచట నుద్యోగి; ఆతని యింటనే నా బస. ఒకనాటి సాయంకాల మాతడు, “అన్నయ్యా, నీవు పగలంతయు గూర్చుండి చదువుచున్న పేటలోనే పుట్టిన పాట యొకటి యున్నది. ఈ రాత్రికి నాతో రమ్ము” అనెను. ఆ గ్రంథాలయము కింగ్సు క్రాసు రైలుస్టేషనునకు గూతవేటు దూరమున నున్నది. ఆ ప్రాంతమందే పిండర్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ అను మద్యశాలలో, 1982వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీని, ఈ బృందము మొదటిసారి పాడెను. షేన్ మెక్‌గావన్ పాటలు కట్టి పాడువాడు. స్పైడర్ స్టేసీ ఆఱు రంధ్రములు గల రేకు పిల్లనగ్రోవిని, జెమ్ ఫైనర్ బాంజోను, జేమ్స్ ఫియర్న్‌లీ అకార్డియనును వాయించువారు. ఆండ్రూ ర్యాంకెన్ తొలినాళ్లలో నిలువబడియే రెండు మూడు డోళ్లను మాత్రము కొట్టుచుండెడివాడు. ఫిలిప్ షెవ్రాన్, టెరీ వుడ్స్ మున్నగువారు పిదప జేరిరి. 1970 తరువాత లండనులో జెలరేగిన పంక్ అను కర్కశ శీఘ్రగానమును, ఐర్లండు దేశపు ప్రాత జానపదగానమును వీరు జతపఱచిరి.

ముందుగా వీరి పేరును విచారింతము. వైయాకరణునకు విందు వంటి దది. మొదట వీరు తమకు బెట్టుకొనిన పేరు పోగ్ మహోన్. ఇది ఐరిషు భాషలోని యొక తిట్టునకు వికృతి. ఆ భాషలో పోగ్ అనగా ముద్దు, మో అనగా నాయొక్క. మూడవ పద మేకాకిగ నున్నప్పుడు తకారాది. మో అను శబ్దము ముందున్నప్పుడు దాని తకారము మెత్తబడి హకారముగ వినబడును. ఈ మూటికి గలసిన యర్థము పృష్ఠభాగమును ముద్దిడుమని. ఆంగ్లేయులు దీనిని తమ చెవికి వినబడినట్లు వ్రాసికొనగా, పదచ్ఛేదము నశించి, రెండు పదములొకటై, మహోన్ అను ఇంటిపేరువంటి దొకటి పుట్టెను. జేమ్స్ జాయిస్ 1922లో బ్రకటించిన యులిసీజ్ అను నవలలోనే యీ రూపము గలదు. స్కాట్లండులో గేలిక్ భాష దెలిసినవారు దీని యర్థము గ్రహించి యాక్షేపింపగా, 1984లో బేరు పోగ్సు అని కుదింపబడెను. ఇప్పుడు మిగిలినది ఐరిషు ప్రాతిపదికయు, ఆంగ్ల బహువచన ప్రత్యయమును. ఒక జాతి తన మాతృభాషను గోల్పోయి పరభాషలో బ్రదుకుచున్నప్పు డా భాషలోని తిట్టొక్కటి వ్యాకరణము చెడి మిగులుటలో హాస్యమెంత యున్నదో విషాద మంత యున్నది.

ఆ విషాదమునకు గారణములు చరిత్రప్రసిద్ధములు. 1845 మొదలు 1852 వఱకు ఐర్లండును బాధించిన క్షామమున సుమారు పదిలక్షలమంది మరణించిరి. అంతకు దక్కువగాని జనులు ఓడలెక్కి దేశాంతరమేగిరి. మృతులలోను వలసపోయినవారిలోను ఐరిషు భాష మాటలాడు బీదలే యెక్కువ. వలస యా పిమ్మటను ఆగలేదు. 1950 ప్రాంతములందు గూలిపనులకై లండను చేరినవారు వేలకొలది. మెక్‌గావన్ 1957లో డిసెంబరు 25వ తేదీని ఇంగ్లండునందలి కెంటు మండలమున ఐరిషు తలిదండ్రులకు జన్మించి, బాల్యమున గొంతకాలము టిపరేరీలో బంధువులయొద్ద బెరిగెను. ఈ బృందమునందు గొందఱు ఐరిషు సంబంధ మేమియు లేని ఆంగ్లేయులు. కనుక నిది ఐర్లండు గానమని కొందఱు, కాదని కొందఱు వాదించిరి. సంప్రదాయజ్ఞులు కొంద ఱిది తమ సంగీతమునకు బట్టిన కళంకమనిరి.

సభ జరిగిన బ్రిక్స్టను అకాడమీ 1929లో సినిమాశాలగా గట్టబడినది. వేదికవైపునకు వాలియున్న నేలపై జనులు క్రిక్కిఱిసి నిలుతురు; శాలయంతటను సుమారు ఐదువేలమంది పట్టుదురు. వాద్యములు మొదలిడగనే యా నేల కదలినట్లు నాకు దోచెను. వీరి పాటలలో బెక్కులకు నడక రెండు విధములు: ఆఱు మాత్రలను మూడేసిగ విఱిచిన జిగ్గు, నాలుగు మాత్రల పరుగు గల రీలు. రెండును నృత్యమునకు బుట్టినవే. వాద్యకారుల నైపుణ్యము నిర్దుష్టము. ఎంత వేగమున బోయినను పిల్లనగ్రోవియు అకార్డియనును స్వరము దప్పలేదు. ఇందు నేను ప్రత్యేకించి చెప్పదగినది లేదు. నా విచారమంతయు గాయకుని గూర్చినది.

మెక్‌గావన్ వేదికపైకి దూలుచు వచ్చెను. ఒక చేత బానపాత్ర, ఒక చేత సిగరెట్టు. శ్రుతిగ్రాహకపు కడ్డీని బట్టుకొని నిలిచెను. పాణినీయశిక్ష అధమపాఠకుల నార్గురను లెక్కించినది. త్వరపడువాడు, తల యూపువాడు, అల్పకంఠుడు అను మూడు దోషములును ఈతనియందు స్పష్టములు. గాయకుడు గనుక, గీతి యను దోష మీతనికి దోషము కాదు. అర్థ మెఱుగనివాడను నింద మాత్ర మీతనికి జెల్లదు. ఆ యర్థమును బుట్టించినవాడే యాతడు. అంతకంటె ఘోరమైన సంగతి: ఆతని నోట దంతము లించుమించు లేవు. తవర్గమునకును సకారమునకును దంతములు స్థానములు. స్థానమే లేని వర్ణ మెట్లు పుట్టును? పాటకు పాటకు నడుమ నాతడు నవ్వినప్పు డా నవ్వుసైతము పొంగిన పాలు నిప్పులమీద బడినట్లు కేవలోష్మధ్వనియై వినబడెను. ఆడుపులి తన కూనలను గోఱలతో బట్టి, జాఱనీయక, గాయపడనీయక మోయునట్లు వర్ణముల నుచ్చరింపవలెనని శిక్షాకారుల యుపదేశము. కోఱలు లేని పులి కూనల నెట్లు మోయును?

ఇచట బూర్వపక్ష మిది: వాక్కు స్పష్టము గానిచో గవిత లేదు, ఇది కేవలము త్రాగుబోతు కూత, జనులు దీనిని బ్రేమించుట మూకోన్మాదము. ఆ రాత్రి యింటికి మరలునప్పుడు నేను మా తమ్మునితో నించుమించుగ నీ మాటలనే యంటిని. ఆతడు ప్రతివాదము సేయక, మఱునాడు నేను లేచునప్పటికి వీరి గ్రామఫోను పలకలను, పాటల పాఠమును నా బల్లపై నుంచి పనికి బోయెను.

సిద్ధాంతమునకు నాకు దారి చూపినవాడు భర్తృహరి. వాక్యపదీయ ప్రథమకాండమున నాత డొక శిశువును జూపును. పలుకులు నేర్చుకొను శిశువు అంబ యని స్పష్టముగ బలుకలేక యవ్యక్తముగ నేదో ధ్వని చేయును. ఆ పద మెఱిగిన పెద్దలా ధ్వనివలన బూర్వసిద్ధమైన సాధుశబ్దమును స్మరించి యర్థమును గ్రహింతురు. బ్రిక్స్టనులో జరిగినది సరిగా నిదియే. మెక్‌గావన్ విడిచినది ధ్వనిశేషము. దానివలన ఐదువేలమంది పూర్ణవాక్యమును స్మరించి, తామే గొంతెత్తి పాడిరి. పాట యాతని నోటినుండి వారి చెవికి బోవుట లేదు. వారి స్మృతినుండి వారి నోటికి వచ్చుచున్నది. ఆతడు దానికి హేతువు మాత్రమే. పులికి గోఱలూడినను గూనలు చెదరలేదు. సభ వానిని మోసెను.

అయితే స్మరింపబడవలెనన్న బూర్వానుభవ ముండవలెను గదా. ఆ యనుభవమునిచ్చినవి 1984 మొదలు 1990 వఱకు వెలువడిన యైదు సంపుటములు. వానిలో 1985 నాటి రమ్ సొడమీ అండ్ ద లాష్, 1988 నాటి ఇఫ్ ఐ షుడ్ ఫాల్ ఫ్రమ్ గ్రేస్ విత్ గాడ్ అను రెండును ముఖ్యములు. వానియందు మెక్‌గావన్ ఉచ్చారణము గరకైనను దెలియును. మఱునాడు నేను వానిని వింటిని, పాఠమును జదివితిని. అప్పుడు నాకు గలిగిన యాశ్చర్యము సభలో గలిగిన దానికంటె మిక్కిలి యెక్కువ. ఏలయన ఇంత శిథిలముగ బాడబడిన వాక్యములు ఇంత దృఢముగ గట్టబడినవని నేననుకొనలేదు.

ఒక యుదాహరణము చాలును. ఎ పెయర్ ఆఫ్ బ్రౌన్ ఐస్ అను పాట, అనగా గోధుమవన్నె కన్నుల జంట, 1985 నాటిది. మద్యశాలలో ద్రాగుచున్న యువకుడొకడు. ప్రక్కన వృద్ధు డొకడు. వృద్ధుడు తాను జూచిన యుద్ధభూమిని, అచట జెల్లాచెదరై పడిన మానవాంగములను జెప్పును. అప్పుడు తనకు గనబడినది గోధుమవన్నె కన్నుల జంట యొక్కటే యనును. యువకుడు జాలిపడడు, వానిని ద్వేషించును, లేచి బయటికి బోవును. ఇందలి విశేష మేమనగా, వృద్ధుని వాక్య మెచట మొదలగునో, యెచట ముగియునో సూచించు పద మొకటియు లేదు. సంస్కృతమున ఇతి శబ్దమును, తెలుగున అని శబ్దమును పరవాక్యమునకు గట్టు గట్టును. ఇచట గట్టు లేదు. ఒకే కంఠము, ఒకే రాగము ఇరువురి మాటలను బాడును. వక్త మాఱెనని వినువాడు విషయమునుబట్టి యూహింపవలెను. తుదకు వృద్ధుడు చెప్పిన కన్నులే యువకుని పల్లవిలోనికి వచ్చును. అవి యెవ్వరి కన్నులో, యెవ్వరి వియోగమో విడదీయరాదు. ద్వేషించి విడిచిపోయిన వాని దుఃఖమే తన దుఃఖమగుట యీ పాట యర్థము. అది చెప్పబడలేదు, వాక్యనిర్మాణముచే సాధింపబడినది. ఇతి శబ్దలోపము దోషము గాక ధ్వనికి హేతువగుటకు నేనింతకు మించిన లక్ష్యమును జూపజాలను. ఇట్టి కూర్పు మత్తునందు సాధ్యమా? మత్తు పాటలోని వస్తువు. పాటను గట్టిన చేయి మాత్రము మెలకువతో నున్నది.

ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్ అను పాట వీరి యన్నిపాటలకంటె బ్రసిద్ధము. ఫైనరును మెక్‌గావనును గలిసి దీనిని దిద్ది తీర్చుటకు రెండేండ్లకు బైగా బట్టినది. 1987లో వెలువడి బ్రిటనులో రెండవ స్థానము నందెను. క్రిస్మసు ముందునాటి రాత్రి న్యూయార్కు పోలీసుల కొట్టులో బడియున్న వలసజీవి యొకడు గడచిన కాలమును దలచుకొనును. ఇందును వక్త లిరువురే. కాని స్త్రీపురుష కంఠభేదముచే వాక్యభేదము స్పష్టము. ఆశలతో మొదలైన సంవాదము గ్రామ్యములగు తిట్లలోనికి దిగజాఱి, ఆమె స్వప్నములను దన స్వప్నములతో గలిపి దాచియుంచితినని యాతడు చెప్పుటతో మెత్తబడును. మొదట స్త్రీభాగమును బాడిన కర్స్టీ మెకాల్ 2000వ సంవత్సరము డిసెంబరులో మెక్సికో సముద్రమున బడవ తాకి మరణించెను. నేను వినిన సభలో యువతి యొకతె యా భాగమును బాడెను. పాట చివర గాగితపుమంచు కురియుచుండగా గాయకుడామెతో నడుగులు తడబడ నృత్యము చేసెను. ఆ రాత్రి మొదటిమాఱుగ నాకు దెలిసిన పాట యిదియే. ఏలయన నామె పలుకులు స్ఫుటములు, ఆతని చేష్టలు కన్నులకు గనబడుచున్నవి. షెవ్రాన్ కట్టి తానే పాడిన థౌజండ్స్ ఆర్ సెయిలింగ్ అను వలసపాటయు నాకు దెలిసెను. ఆతని యుచ్చారణము నిర్మలము.

కర్స్టీ తండ్రి యువన్ మెకాల్ 1949లో ఇంగ్లండునందలి సాల్ఫర్డు పట్టణమును గూర్చి వ్రాసిన డర్టీ ఓల్డ్ టౌన్ అను పాటను గూడ నాడు వీరు పాడిరి. నా ప్రక్కన నిలిచిన వృద్ధు డది యనాదియైన ఐరిషు పాటయని నాకు బోధించెను. ఆతనిని దిద్దవలెనని తోచి మానితిని. పరంపరచే రూఢికెక్కిన యపభ్రంశమే వాచకమగునని, యట్టివారికి సాధుశబ్ద మర్థమీయదని భర్తృహరియే యంగీకరించెను గదా. ఆ వృద్ధునకు సాల్ఫర్డు అవాచకము. సంప్రదాయజ్ఞుల యాక్షేపమునకును నా సమాధాన మిదియే. పరదేశమున బుట్టిన బిడ్డలకు బూర్వుల గానము చెదరిన రూపముననే లభించెను. వారు దానిని నటనగా శుద్ధి చేయక, చెదరినదానిని జెదరినట్లే పాడిరి.

ఇంతవఱకు మండనము. ఇక నాకు సమ్మతము గాని దానిని జెప్పక తప్పదు. మొదటిది: ఇట్టి సభ యెఱిగినవారికే. నావంటి క్రొత్తవానికి స్మరించుటకేమియు లేదు గనుక ధ్వని ధ్వనిగనే నిలిచెను. పూర్వార్జితమైన ధనమును వెచ్చించు గృహస్థువలె వీరు 1988 నాటి స్ఫుటతను 2006లో వెచ్చించుచుండిరి. రెండవది యింతకంటె గురువైనది. ఆతడు పాత్ర నెత్తి త్రాగినప్పుడెల్ల సభ జయధ్వానము చేసెను. ఆతడు తూలినప్పుడు మఱింత చేసెను. పాటను బ్రేమించుట యొకటి. పాటకాని పతనమును వేడుకగ జూచుట మఱియొకటి. ఈ త్రాగుడు మూలముననే 1991లో జపాను యాత్రయందు సహచరు లాతని బృందమునుండి తొలగించిరి. 2001లో గాని మరల గూడలేదు. ఆ జయధ్వానమున నాతని వినాశమును గవిత్వమునకు గారణముగ నెంచు భ్రాంతి యున్నది. పైని జూపిన పాటయే యా భ్రాంతిని ఖండించును. ఆతని ప్రతిభ యొక్క ఫలము లన్నియు దంతము లూడకముందే పండినవి.

షెవ్రాన్ 2013లో మరణించెను. మఱు సంవత్సరముతో బృందము సభలు మానెను. మెక్‌గావన్ 2015లో గటిభాగపు టెముక విఱిగి, యటుపిమ్మట జక్రముల కుర్చీకి బరిమితుడై, 2023వ సంవత్సరము నవంబరు 30వ తేదీని గతించెను. డిసెంబరు 8వ తేదీని టిపరేరీలోని నీనా పట్టణపు దేవాలయమున, శవపేటిక యెదుటనే న్యూయార్కు పాట పాడబడెను. బంధుమిత్రులు లేచి నృత్యము చేసిరి. 2024, 2025 సంవత్సరములందు స్టేసీ, ఫైనర్, ఫియర్న్‌లీ యను మువ్వురు, యువగాయనీగాయకులను గూర్చుకొని, మొదటి రెండు సంపుటముల నలువదియేండ్ల పండుగగా నా పాటలను మరల వేదిక కెక్కించిరి. క్రొత్తకంఠములు పాడినను నవి పోగ్సు పాటలే యని జనులు గుర్తించిరి.

దీనివలన నా నిర్ణయము స్థిరపడినది. ధ్వని యనిత్యము, వికారములకు లోబడును, దంతములతో గూడ నూడును. వాక్యము దృఢముగ గట్టబడినచో ధ్వని చెడినను నిలుచును. కాని యది గాలిలో నిలువదు, నేర్చినవారి కంఠములలో నిలుచును. కనుక నట్టి సభలో బరీక్షింపవలసినది గాయకుని యుచ్చారణమును గాదు, శ్రోతల జ్ఞాపకమును. ఆ పరీక్షయందు బ్రిక్స్టను సభ యుత్తీర్ణమైనది. పానపాత్రకు జేసిన జయధ్వానమున మాత్ర మోడినది. నేనును మఱునాడు చదివినదానిని ముందునాడే చదివి పోయియుండినచో, ఆ రాత్రి యొక్క పాటయందైనను గొంతు గలిపియుందును. నా తీర్పునందు బొరపాటున్నచో శిక్షాశాస్త్రము దెలిసిన పెద్దలు దిద్దుదురు గాక.